అధికారి ఎవరు?





"స్త్రీవాదము" అను మాట చెవిని పడినంతనే మావంటి వైదికులకు ముఖము ముడుచుకొనుట అలవాటు. అది మన ధర్మమునకు పరాయిదనియు, కుటుంబమును చీల్చునదనియు ప్రవచనములలో నేనును పలుమార్లు చెప్పియున్నాను. ఆ మాటలలో కొన్నింటిని వెనుకకు తీసుకొనుటకే ఈ వ్యాసము. చాలాకాలముగా వ్రాయవలెననుకొని వాయిదా వేసితిని. ఇందులో దోషము నాది గనుక కలము సాగలేదు.

నేను కోనసీమలో ఒక చిన్న శివాలయమున అర్చకుడను. పదునొకండవ యేట వేదపాఠశాలలో చేరి, ఎనిమిదేండ్లు కృష్ణయజుర్వేదమును గురుముఖతః అధ్యయనము చేసినాను. మాది ఆపస్తంబ సూత్రము. అర్చకుడను గనుక అపరకర్మలు చేయించను. అయినను ఊరిలో ధర్మసందేహము కలిగినప్పుడు పురోహితులు సైతము వచ్చి నన్నడుగుట మా తండ్రిగారి కాలమునుండి వచ్చుచున్న వాడుక. ఈ కథకు మూలము ఆ వాడుకయే.

ఇరువది యేండ్ల క్రిందటి మాట. మా ఊరిలో ఒక తెలుగు మాస్టారుండెడివారు. ఉద్యోగవిరమణ చేసిన కొలదికాలమునకే పక్షవాతము వచ్చి ఆరేండ్లు మంచము పట్టినారు. భార్య అంతకు మునుపే గతించినది. ఒక్కతే కూతురు. ఆమె భర్త, ఇద్దరు ఆడపిల్లలు రాజమండ్రిలో ఉండెడివారు. ఆమె వారములో నాలుగు దినములు ఇచ్చట, మూడు దినములు అచ్చట గడిపెడిది. తండ్రికి ఒళ్ళు తుడుచుట, అన్నము మెత్తగా కలిపి తినిపించుట, పుండ్లు పడకుండ రాత్రులు లేచి ప్రక్క తిప్పుట, అన్నియు ఆమెయే. ప్రదోషపూజ అయిన పిమ్మట విభూతి ఇచ్చుటకు వారింటికి పోయినప్పుడెల్లను కన్నులార చూచినవాడను.

మార్గశిరమాసములో ఒక తెల్లవారుజామున మాస్టారు శివైక్యము చెందినారు. పురోహితుడు మా అరుగు వద్దకు వచ్చి, "కర్త ఎవరంటారు? అమ్మాయి తానే చేస్తానంటోంది" అని అడిగినాడు. నేను అభిషేకమునకు నీరు తోడుచున్నాను. చేద క్రింద పెట్టలేదు. "జ్ఞాతులు లేరా?" అన్నాను. మాస్టారి అన్నగారి కుమారుడొకడు కాకినాడలో ఉన్నాడు. కొబ్బరితోట గట్టు తగాదాలో పదునొకండేండ్లుగా ఈ గుమ్మము త్రొక్కినవాడు కాడు. అతనికి ఫోను చేయించితిమి. మధ్యాహ్నము దాటినపిమ్మట వచ్చినాడు. అగ్ని అతని చేతికిచ్చినారు. ఆరేండ్లు ఆ శరీరమును కాపాడిన చేతులు వీధిగుమ్మము స్తంభమును పట్టుకొని నిలిచిపోయినవి.

ద్వాదశాహము ముగిసిన మరునాడు ఆమె మా ఇంటికి వచ్చినది. ఏడ్వలేదు, నిష్ఠురమాడలేదు. "బాబయ్యగారూ, ఒక్క మాట అడిగి పోతాను. నాకు అధికారం లేదని పుస్తకంలో ఉందా, మీరు చెప్పారా?" అన్నది.

"ఆచారం లేదమ్మా" అన్నాను.

ఆమె నమస్కరించి వెడలిపోయినది. ఆమె అడిగినది పుస్తకమును గూర్చి. నేను చెప్పినది ఆచారమును గూర్చి. నా సమాధానములో అబద్ధము లేదు, ఆమె ప్రశ్నకు జవాబును లేదు.

ఆ రాత్రి నిర్ణయసింధువు తెరచినాను. 1612లో కమలాకరభట్టు రచించిన గ్రంథమది. దాని పిమ్మట 1790లో కాశీనాథోపాధ్యాయుడు కూర్చిన ధర్మసింధువును తెరచినాను. అంత్యకర్మకు అధికారులెవరో రెండింటను క్రమముగా చెప్పబడియున్నది. పుత్రుడు, పౌత్రుడు, ప్రపౌత్రుడు. పుత్రసంతతి లేనిచో పత్ని. పత్నియు లేక, మృతుడు విభక్తుడైనచో కూతురు, దౌహిత్రుడు. ఆ పిమ్మటనే అన్నదమ్ములు, వారి బిడ్డలు. కూతురు వివాహితయైనచో ఎట్లు, అవివాహితయైనచో ఎట్లు, మంత్రభాగము ఎంతవరకు అను విషయములలో మతభేదములున్నవి. కాని ఆమె పేరు పట్టికలోనే ఉన్నది. మాస్టారు అన్నదమ్ముల నుండి విడివడి ముప్పదియేండ్లయినది. నేను కాకినాడ నుండి పిలిపించినవాడు ఆమె కన్న వెనుకనున్నవాడు.

గ్రంథమును మూసివేసినాను. మరునాడు రాజమండ్రికి పోయి ఆమెతో ఆ మాట చెప్పవచ్చును. చెప్పలేదు. ఊరిలో నా మాటకున్న గౌరవము తగ్గునని భయపడితిని. ఆ భయమునకే "ఆచారము" అని పేరు పెట్టుకొంటిని.

నాకును మగసంతానము లేదు. ఇద్దరు కుమార్తెలు. పెద్దమ్మాయి న్యాయశాస్త్రము చదివి హైదరాబాదులో న్యాయవాదిగా ఉన్నది. స్త్రీవాదము అను మాటను మా ఇంటి గడపలోనికి తెచ్చినది ఆమెయే. ఒక దసరాకు వచ్చినప్పుడు నా ప్రవచనము విని, ఇంటికి వచ్చినపిమ్మట అడిగినది: "నాన్నగారూ, గార్గి, మైత్రేయి, లోపాముద్ర, ఘోష అని పేర్లన్నీ చక్కగా చెప్పారు. ఈ ఊళ్ళో ఒక్క ఆడపిల్లకు మీరు ఒక్క పనస చెప్పారా?"

నాయొద్ద సమాధానము లేదు. బృహదారణ్యకములో గార్గి జనకుని సభలో యాజ్ఞవల్క్యుని రెండు మారులు ప్రశ్నించినది. మొదటి మారు అతిప్రశ్న చేయవలదని హెచ్చరింపబడి ఊరకున్నది. రెండవ మారు రెండు బాణములవంటి ప్రశ్నలతో లేచి, సమాధానములు విని, ఈయనను జయింపగలవారు మీలో లేరని పండితసభకు తానే తీర్పు చెప్పినది. ఈ కథను నేను గొప్పగా చెప్పుదును. కాని నా యెదుట నిలిచి మాస్టారి కుమార్తె ఒకే ఒక్క ప్రశ్న అడిగినప్పుడు దానిని తప్పించుకొంటిని. గార్గిని గూర్చి చెప్పుట సులభము. గార్గికి బదులు చెప్పుట కష్టము.

అదే ఉపనిషత్తు చివరిభాగమున పండితురాలగు కుమార్తె కలుగవలెనని కోరువారికి ఒక విధి చెప్పబడినది. దంపతులు నువ్వులతో వండిన అన్నమును నేతితో భుజింపవలెనని. ఇచ్చట భగవత్పాదులు ఆ పాండిత్యము గృహకృత్యవిషయమేయనియు, వేదమున అధికారము లేదనియు వ్యాఖ్యానించినారు. ఇది దాచవలసినది కాదు. శాస్త్రము ఆదినుండియు నేటి స్త్రీవాదులు కోరినదే చెప్పుచున్నదని కొందరు ప్రసంగించుచున్నారు. అది సత్యము కాదు. స్త్రీకి శాస్త్రములో ఏమియు లేదనుటయు సత్యము కాదు. శాస్త్రములో వాదమున్నది, పూర్వపక్షమున్నది, సిద్ధాంతమున్నది, హద్దులును ఉన్నవి. మేము లోకమునకు హద్దులను మాత్రము చెప్పి, వాదమును మా అటకపై దాచుకొంటిమి.

ఆ వాదములలో ఒకటి జైమిని పూర్వమీమాంసలో ఆరవ అధ్యాయము మొదటి పాదమున కలదు. స్వర్గమును కోరువాడు యజింపవలెనని విధి. అచ్చట పదము పుంలింగము. కావున పురుషునకే అధికారమని ఐతిశాయనుని పక్షము. లింగము ప్రధానము కాదు, కోరిక గల జాతి మొత్తమును ఆ పదము చెప్పుచున్నది, కావున స్త్రీకిని అధికారము కలదని బాదరాయణుని పక్షము. అంతట పూర్వపక్షి మరొక మాట తెచ్చినాడు. యజ్ఞమునకు ద్రవ్యము కావలెను. స్త్రీ వివాహములో వెలకు ఇయ్యబడునది, ఆమెయే ఒకరి సొత్తు, సొత్తుకు సొత్తెక్కడిది? సిద్ధాంతి దీనిని ఖండించినాడు. వివాహమున ఇచ్చునది ధర్మార్థము, వెల కాదు. ఫలమును కోరుట పురుషునకెట్లో స్త్రీకిని అట్లే. ద్రవ్యముపై ఆమెకు స్వామ్యము కలదు. కావున ఆమెకు అధికారము కలదు. ఆ అధికారము దంపతులకు కలిసియుండుననియు, ఆమె చేయవలసినవి చెప్పబడినంతవరకేయనియు పిమ్మట హద్దు పెట్టబడినది. హద్దు సంగతి అట్లుండగా ఆ ప్రశ్నను చూడుడు. స్త్రీ సొత్తా, సొత్తుకు స్వామినియా? నేటి స్త్రీలు న్యాయస్థానములలోను, ఇండ్లలోను అడుగుచున్న ప్రశ్నయు ఇదియే గదా!

మా అమ్మాయి ఈ ప్రశ్ననే చట్టము వైపునుండి చెప్పినది. విజ్ఞానేశ్వరుని మితాక్షర ననుసరించి పూర్వికుల ఆస్తిలో కుమారునకు పుట్టుకతోనే స్వత్వము. యాజ్ఞవల్క్యస్మృతి పుత్రహీనుని ధనమునకు మొదట పత్నిని, పిదప కూతుండ్రను చెప్పినమాట నిజమే గాని, కుమారుడున్నచో కూతురునకు జన్మతః హక్కు లేదు. ఆంధ్రప్రదేశములో 1985 సెప్టెంబరు 5 నుండి, అప్పటికి అవివాహితలైన కుమార్తెలకు ఆ హక్కు వచ్చినది. 2005 సెప్టెంబరు 9 నుండి దేశములో కుమార్తెకు కుమారునితో సమానముగా జన్మతః హక్కు వచ్చినది. ఆనాటికి తండ్రి జీవించియుండవలెనను నియమము లేదని 2020 ఆగస్టు 11న సర్వోన్నత న్యాయస్థానము వినీతా శర్మ వ్యాజ్యములో తీర్పు చెప్పినది.

"చట్టం బాగానే వచ్చింది నాన్నగారూ. కాని పుట్టింటికి రాకపోకలు ఉండాలంటే విడుదల దస్తావేజు మీద సంతకం పెట్టాలి. పెట్టకపోతే పసుపు కుంకుమల పిలుపు ఆగిపోతుంది" అన్నది.

నాకు చురుక్కుమన్నది. అట్టి రిజిస్ట్రేషనులకు మంచి రోజు చూచి పెట్టినవాడను నేను. అన్నదమ్ములు పండ్లు పట్టుకొని వచ్చెడివారు. తిథి, వారము, తారాబలము చూచి చెప్పెడివాడను. తారాబలము చూచుటకు నక్షత్రము కావలెను గదా. ఎవరి నక్షత్రమునకు చూచితిని? అన్నగారి నక్షత్రమునకే. హక్కును వదలుకొను చెల్లెలి నక్షత్రమెప్పుడును అడుగలేదు. నీకిది సమ్మతమేనా తల్లీ అనియు అడుగలేదు. ఇప్పుడు అడుగుచున్నాను. ఆమెను వెంటబెట్టుకొని రండు, ఆమె నోట వినినపిదపనే పంచాంగము తెరచెదనని చెప్పుచున్నాను. ఇరువురు మరల రాలేదు. ఒక ఇంటివారు చెల్లెలికి కొంత భూమి వ్రాసి ఇచ్చి, అప్పుడు వచ్చినారు.

ఇక మా ఇంటి సంగతి. ఇది వ్రాయవచ్చునా యని నా భార్యను అడిగినాను. "వ్రాయండి, ఉన్నదే కదా" అన్నది.

ఆలయమునకు మహానైవేద్యము మడితో వండునది ఆమె. తెల్లవారుజామున పూలు కోసి, గంధము తీసి, ఉద్ధరిణి పంచపాత్రలు చింతపండుతో తోమి పెట్టునది ఆమె. వేతనము నా పేర వచ్చును. పళ్ళెములోని దక్షిణ నా నడుమున చెక్కుకొందును. బియ్యపు డబ్బా ఆమెది, డబ్బు పెట్టె నాది. పదిహేనేండ్ల క్రిందట నేను ఒక ప్రతిష్ఠకై వేరే ఊరు పోయినప్పుడు, మాకు పూలు తెచ్చియిచ్చు ముసలమ్మ మనుమరాలికి జ్వరము వచ్చినది. నా భార్య పెట్టెలోనుండి రెండు వందల రూపాయలు తీసి ఇచ్చినది. తిరిగివచ్చిన పిమ్మట, "నన్నడగకుండా తీశావా?" అన్నాను. "తీశావా" అన్న మాటను నేను పలికిన తీరు దొంగతనమును అన్నట్లే ఉన్నది. ఆమె బదులు పలుకలేదు. ఆనాటినుండి ఆ పెట్టెను ముట్టలేదు.

మా సూత్రకారుడు ఆపస్తంబుడు ధర్మసూత్రములో ఏమి చెప్పినాడు? భార్యాభర్తలకు విభాగము లేదు. పాణిగ్రహణము మొదలు కర్మలయందు, పుణ్యఫలములయందు, ద్రవ్యము సంపాదించుటయందు వారిరువురును కలిసినవారే. భర్త ప్రవాసమున ఉన్నప్పుడు అవసరము కలిగి భార్య చేసిన దానమును దొంగతనమని పెద్దలు చెప్పరు. ఇది ఏ విదేశీయ గ్రంథములోనిదియు కాదు. ప్రవరలో దినమునకు రెండు మారులు ఎవని సూత్రమును నాదని చెప్పుకొందునో, ఆయన మాట. నోటికి వచ్చిన సూత్రము ఇంటికి రాలేదు.

స్త్రీవాదమనగా ఏమియని ఈ మధ్య ఆమెనే అడిగినాను. వత్తులు చేయుచు కొంతసేపు ఆలోచించినది. "నాకు ఆ మాటలు తెలియవండీ. దేవుడికి వండేటప్పుడు నన్ను అమ్మవారి అంశ అంటారు. డబ్బు దగ్గర మాత్రం లెక్క అడుగుతారు. అంశ అనకపోయినా ఫరవాలేదు, లెక్క అడక్కండి" అన్నది. మరునాడు పెట్టె తాళపుచెవి ఆమె చేతికిచ్చినాను. ఆమె తీసుకొని, దేవుని గూటిలో మా ఇద్దరికిని అందునట్లు పెట్టినది.

నేటి స్త్రీలు కోరుచున్నదేమో ఆ మాటతో నాకు కొంత తెలిసినది. దేవతగా పూజింపుడని నన్నడుగ వచ్చిన స్త్రీ ఒక్కతెయు లేదు. తండ్రికి కర్తనని, ఆస్తికి హక్కుదారునని, ఇంటి ధనమునకు స్వామినినని, ప్రశ్నకు ప్రతివచనము పొందదగినదానననియే వారందరును అడిగినారు. మీమాంసాశాస్త్రములో దీనికి "అధికారము" అని పేరు. కోరిక, చేయగల సామర్థ్యము, నిషేధము లేకుండుట, ఈ మూడును ఉన్నవారు అధికారులు. మాస్టారి కుమార్తెకు కోరిక ఉన్నది, సామర్థ్యము ఉన్నది, నిషేధము లేదు. మూడవదానిని నేను కల్పించితిని.

స్త్రీవాదము పేర చెప్పబడు ప్రతిదానిని నేను అంగీకరింపలేదు. గృహస్థాశ్రమము స్త్రీకి కారాగారమేయను వాదము నాకు రుచింపదు. అమ్మాయికిని నాకును దీనిపై ఇప్పటికిని వాదము నడచును. వేదాధ్యయన విషయములో మా గురువుగారి మాటను దాటలేకపోయితిని. ఆమె అడిగిన పనసకు నాయొద్ద నేటికిని సమాధానము లేదు. ఆదివారము నాడు ఆడపిల్లలకు సంస్కృతభాషను, భాష్యముతోకూడ భగవద్గీతను చెప్పుచున్నాను, అంతే. అది చాలదని ఆమె అనును. చాలునని నేనును అనను. ఇట్లు చేసినచో కులధర్మము చెడదా యని కొందరు పెద్దలు నన్నడిగినారు. తండ్రిని ఆరేండ్లు సేవించిన కూతురు పిండము పెట్టినచో చెడిపోవు ధర్మమేదో నాకు తెలియదు. ఆమెను గుమ్మమున నిలిపి, పలుకరింపని జ్ఞాతిని పిలిపించినందువలన నిలిచిన ధర్మమును నాకు కనబడలేదు.

క్రిందటి ఏడు కార్తికమాసములో రాజమండ్రి పోయి ఆమెను చూచినాను. ఇప్పుడామెకు తల నెరసినది. మనుమరాలు ఒడిలో ఉన్నది. కాఫీ ఇచ్చినది. నేను నిర్ణయసింధువు సంచిలో పెట్టుకొని పోయితిని. పుట తెరచి, పట్టికలో కూతురు పేరున్నచోట వ్రేలు పెట్టి చూపి, "ఆనాడు ఇది నాకు తెలియలేదు. తెలిసిన తరువాత కూడా నీకు చెప్పలేదు. రెండోదే పెద్ద తప్పు తల్లీ" అన్నాను.

ఆమె ఆ పంక్తిని చాలాసేపు చూచినది. సంస్కృతము చదువగలదు, మాస్టారి కూతురు గదా. "అన్నయ్య రెండేళ్ళు పెట్టి మానేశాడు బాబయ్యగారూ. అప్పటినుంచీ తిథినాడు ఒక బ్రాహ్మణుడికి స్వయంపాకం ఇచ్చి ఊరుకుంటున్నాను" అన్నది. కొంతసేపటికి, "క్షమించానని చెప్పమంటే చెప్పలేను. ఆ రోజు మళ్ళీ రాదు కదా. కాని తద్దినం పెడతాను. మీరు పెట్టించగలరా?" అన్నది.

మా ఊరి పురోహితుని ఒప్పించుటకు పదిదినములు పట్టినది. ఆయన గ్రంథము చూచినాడు, వాదించినాడు, మరొక ఇద్దరు పండితులను అడిగినాడు. తుదకు మంత్రము తాను చెప్పునట్లును, కర్మ ఆమె చేయునట్లును నిశ్చయమైనది. భోక్తలలో ఒకరు రానన్నారు. ఆ స్థానమున నేను కూర్చుంటిని. మార్గశిర బహుళ సప్తమినాడు, తండ్రి మంచము వేసియుండిన ఆ వసారాలోనే, ఆమె నువ్వులు నీళ్ళు వదలి, తండ్రిపేరు, తాతపేరు, ముత్తాతపేరు చెప్పినది. పేర్లలో ఎచ్చటను తడబడలేదు. చేయి మాత్రము కొంచెము వణకినది. అన్నము మెత్తగా కలుపుట ఆమెకు కొత్త కాదు.

ఆపస్తంబుడు తన ధర్మసూత్రమును ముగించుచు, చెప్పక మిగిలిన ధర్మములను స్త్రీలనుండియు, సర్వవర్ణములవారినుండియు తెలిసికొనవలెనను కొందరి మతమును చేర్చినాడు. బాల్యములో వల్లెవేసిన ఆ మాటకు అర్థము ఏబది దాటిన పిమ్మట నాకు కొంత తెలియుచున్నది. మీ ఇంటను మీ ఊరను ఎవరైన స్త్రీ మిమ్ము ధర్మసందేహము అడిగినచో, ఆచారము లేదనుటకు మునుపు ఒక్కమారు గ్రంథము తెరచి చూడుడు. చూచినది ఆమెకు చెప్పుడు.

నా అంత్యక్రియలకు కర్తలు నా కుమార్తెలేయని కాగితముపై వ్రాసి, దేవుని గూటిలో తాళపుచెవి ప్రక్కనే ఉంచినాను.

స్వస్తి.